మసిలో మాణిక్యం

పాఠ్యభాగ పరిచయం

ప్రక్రియ: వైజ్ఞానిక వ్యాసం

ఆధునిక రసాయన పరిశ్రమకు ఉత్ప్రేరకాలు ఆయువుపట్టు వంటివి. చిరకాలంగా ఆ స్థానాన్ని ఎక్కువగా లోహాలే అలంకరించాయి. ప్లాటినం, పల్లేడియం, రుథేనియం, ఇరిడియం వంటి అరుదైన లోహాలు చేసే పనులలో కొన్నింటిని, కర్బనంతో తయారైన అతిసూక్ష్మ పదార్థాలు వెలుగు సాయంతో చేయగలవని ఇటీవలి దశాబ్దాల పరిశోధనలు వెల్లడించాయి. ఆ పరిశోధనల పూర్వాపరాలను, ప్రయోజనాలను, పరిమితులను ఈ వ్యాసం వివరిస్తుంది.

ఉద్దేశం

లోహరహిత కాంతి ఉత్ప్రేరకాలను విద్యార్థులకు పరిచయం చేయడం, శాస్త్రంలో ఒక పేరు నిలవాలంటే దాని వెనుక ఎంతటి పరీక్ష అవసరమో తెలియజేయడం ఈ పాఠం ఉద్దేశం.

పాఠం

తెలుగువారి పూర్వగ్రంథాలు తాటాకులపై వెలసినవే. లేఖకుడు గంటం చేతబట్టి ఆకుపై అక్షరాన్ని గీసేవాడు. అయితే గంటం చేసిన గీత ఆకు రంగులోనే కలిసిపోయి కంటికి స్పష్టంగా ఆనేది కాదు. దీపపు మసిని పసరుతో మేళవించి ఆకుపై రుద్ది, బట్టతో తుడిచినప్పుడు గీతలలో నిలిచిన నలుపే అక్షరమై భాసించేది. కవి భావానికి రూపమిచ్చింది గంటమైతే, దానిని చదువరి కంటికి అందించింది మసి. కుండ అడుగున అంటుకొన్నప్పుడు మలినంగా తోచిన పదార్థమే, తగిన చోట చేరినప్పుడు విద్యకు ఆధారమైనది.

మసి, బొగ్గు, కాటుక, పెన్సిలులోని గ్రాఫైట్ అన్నింటిలోనూ ప్రధానమైనది ఒకే మూలకం. దానికి కర్బనమని పేరు. కృష్ణాతీరంలోని కొల్లూరు వంటి గనులలో లభించి, గోలకొండ పేరుతో లోకప్రసిద్ధి పొందిన వజ్రాలు కూడా ఆ మూలకమే. 1797లో స్మిత్సన్ టెన్నంట్ అనే ఆంగ్ల రసాయన శాస్త్రవేత్త వజ్రాన్ని కాల్చి చూశాడు. దాని నుంచి వెలువడిన బొగ్గుపులుసు వాయువు, అంతే బరువుగల బొగ్గును కాల్చినప్పుడు వెలువడేదానితో సమానమని నిరూపించాడు. రాజుల కిరీటాలకెక్కిన మణికీ పొయ్యిలోని బొగ్గుకూ మూలద్రవ్యంలో భేదం లేదు. భేదమంతా పరమాణువుల అమరికలో ఉన్నది. ఒకే మూలకం ఇలా వేర్వేరు రూపాలలో ఉండడాన్ని రూపాంతరత అంటారు.

అతిసూక్ష్మ రూపాలు

వజ్రం, గ్రాఫైట్ అనే రెండు రూపాలు ఎంతోకాలంగా తెలిసినవే. ఇరవయ్యవ శతాబ్ది చివరి భాగంలో కర్బనం మరికొన్ని కొత్త రూపాలను లోకానికి చూపింది. 1985లో క్రోటో, స్మాలీ, కర్ల్ అనే శాస్త్రవేత్తలు అమెరికాలోని రైస్ విశ్వవిద్యాలయంలో, అరవై కర్బన పరమాణువులు బంతివలె కూర్చుకొన్న అణువును గుర్తించారు. అందులో పన్నెండు పంచభుజులు, ఇరవై షడ్భుజులు ఉంటాయి. కాలిబంతి పైని అతుకులను తలచుకొంటే ఆ ఆకృతి మనసుకు వస్తుంది. దానికి ఫుల్లరీన్ అని పేరు పెట్టారు. ఆ ముగ్గురికీ 1996లో రసాయన శాస్త్రంలో నోబెల్ బహుమతి లభించింది. 1991లో జపాను శాస్త్రవేత్త సుమియో ఇజిమా కర్బన నానోగొట్టాలను వర్ణించాడు. 2004లో మాంచెస్టరులో గైమ్, నొవొసెలోవ్ అనువారు గ్రాఫైట్ నుంచి ఒకే ఒక పరమాణువు మందంగల గ్రాఫీన్ పొరను వేరుచేశారు. అందుకు వారు వాడిన ముఖ్య సాధనం కాగితాలు అతికించే టేపు. వారికి 2010లో భౌతిక శాస్త్రంలో నోబెల్ బహుమతి వచ్చింది.

అదే 2004లో దక్షిణ కెరొలినా విశ్వవిద్యాలయంలో మరొక సంగతి బయటపడింది. విద్యుచ్ఛాపంలో ఏర్పడిన మసి నుంచి నానోగొట్టాలను శుద్ధిచేస్తూ ఉండగా, కొన్ని సూక్ష్మకణాలు వేరుపడి వెలుగులీనడం పరిశోధకులు గమనించారు. వారు వెదకినది ఒకటి, దొరికినది మరొకటి. పది నానోమీటర్లకు మించని ఆ కణాలే నేడు కర్బన బిందువులుగా ప్రసిద్ధి పొందాయి. నానోమీటరు అంటే మీటరులో నూరు కోట్లవ వంతు. ఆ పరిమాణానికి దిగినప్పుడు పదార్థం తన పెద్ద రూపంలో లేని గుణాలను ప్రకటిస్తుంది. నల్లని మసి వెలుగునంతటినీ మింగి వేడిగా మారుస్తుంది. దాని నుంచి వచ్చిన బిందువు వెలుగును స్వీకరించి, ఆ శక్తిని మరొక అణువుకు అందించగలదు.

కాంతితో రసాయన చర్య

ఉత్ప్రేరకమంటే, తాను ఖర్చు కాకుండా రసాయన చర్య వేగాన్ని పెంచే పదార్థం. పెండ్లిసంబంధం కుదిర్చిన పెద్దమనిషి రెండు కుటుంబాలను కలిపి, తాను మాత్రం ఎప్పటివలెనే మరొక సంబంధానికి బయలుదేరినట్లుగా, ఉత్ప్రేరకం అణువులను కలిపి తాను మళ్ళీ మొదటి స్థితికి చేరుతుంది. ఈ పనికి వేడిని గాక వెలుగును ఆధారం చేసుకొనేదే కాంతి ఉత్ప్రేరకం.

ప్రకృతిలో ఈ విద్య కొత్తది కాదు. పచ్చని ఆకు సూర్యకాంతిని స్వీకరించి, నీటినీ బొగ్గుపులుసు వాయువునూ చక్కెరగా మారుస్తున్నది. మానవుడు కూడా ఈ మార్గాన్ని అనుసరించాలని గాఢంగా తలచినవాడు జియాకొమో చమిషన్. ఆయన 1857లో ఇటలీ ఈశాన్యకోణంలోని ట్రియెస్టె నగరంలో జన్మించాడు. ఆనాడది ఆస్ట్రియా సామ్రాజ్యంలోనిది. బొలోనా విశ్వవిద్యాలయంలో ఆచార్యుడై, తన సహచరుడు పాల్ సిల్బర్‌తో కలిసి గాజుకుప్పెలలో ద్రావణాలు నింపి, వాటిని ఎండలో ఉంచి, జరిగే మార్పులను ఏండ్ల తరబడి పరిశీలించాడు.

1912లో న్యూయార్కులో జరిగిన అంతర్జాతీయ అనువర్తిత రసాయన శాస్త్ర మహాసభలో చమిషన్ భవిష్యత్తు కాంతిరసాయన శాస్త్రాన్ని గురించి ప్రసంగించాడు. బొగ్గు అంటే పూర్వయుగాల సూర్యరశ్మి గనులలో నిలవచేరిన రూపమేనని, అది తరగని నిధి కాదని ఆయన హెచ్చరించాడు. పొగగొట్టాలు లేని కర్మాగారాలు, ఎడారి నేలలపై బారులుతీరిన గాజుగొట్టాలు, వాటిలో ఎండ సాయంతో జరిగే చర్యలు ఆయన కన్న కల. ఆ కల నిజం కావడానికి కావలసిన ఉత్ప్రేరకాలు మాత్రం ఆనాటికి సిద్ధంగా లేవు.

లోహాల వైభవం, లోహాల భారం

చమిషన్ ప్రసంగించిన అరవై ఏండ్లకు, అంటే 1972లో, జపానుకు చెందిన ఫుజిషిమా, హోండా అనే శాస్త్రవేత్తలు టైటానియం డయాక్సైడుపై కాంతిని ప్రసరింపజేసి నీటిని ఆక్సిజన్, హైడ్రోజన్‌లుగా విడగొట్టవచ్చునని ప్రకటించారు. కాంతి ఉత్ప్రేరణ చరిత్రలో అది మైలురాయి. అయితే టైటానియం డయాక్సైడుకు కావలసినది అతినీలలోహిత కాంతి. భూమిని చేరే సూర్యకాంతిలో దాని వాటా నూటికి నాలుగైదు వంతులకు మించదు. పైగా టైటానియం డయాక్సైడుపై పుట్టే ఆక్సీకరణ శక్తి మిక్కిలి తీవ్రమైనది. మురికినీటిలోని మలినాలను నిశ్శేషంగా కాల్చివేయడానికి అది చాలా మంచిది. కానీ ఒక కర్బన సమ్మేళనాన్ని మరొక విలువైన సమ్మేళనంగా సుతారంగా మార్చవలసినప్పుడు ఆ తీవ్రతే ఆటంకమవుతుంది. పూవు కోయవలసిన చోట గొడ్డలి పనికిరాదు.

2008 ప్రాంతంలో అమెరికా పరిశోధకులు రుథేనియం సంశ్లిష్ట సమ్మేళనాలతో, దృశ్యకాంతి సాయంతో, కర్బన అణువులను నేర్పుగా కలిపి చూపారు. మాక్‌మిలన్, యూన్, స్టీఫెన్సన్ వంటివారి కృషివల్ల ఈ మార్గం విశాలమైనది. రుథేనియంతోపాటు ఇరిడియం సమ్మేళనాలు కూడా ప్రయోగశాలలలో నిత్యోపయోగంలోకి వచ్చాయి.

ఈ లోహాల శక్తిసామర్థ్యాలను ఎవరూ కాదనలేరు. కానీ వాటితో రెండు చిక్కులున్నాయి. మొదటిది కొరత. ఇరిడియం ప్రపంచమంతటా కలిపి ఏటా పది టన్నులైనా లభించదు. అందులో అధికభాగం దక్షిణాఫ్రికా నుంచే రావాలి. రెండవది శేషం. ఔషధాన్ని తయారుచేసిన తరువాత అందులో ఉత్ప్రేరక లోహం లేశమాత్రంగా మిగిలిపోతే, రోగి దానిని మందుతోపాటు మింగుతాడు. అందుచేతనే అంతర్జాతీయ ఔషధ ప్రమాణాలు నోటిద్వారా తీసుకొనే మందులలో రుథేనియం, ఇరిడియం, పల్లేడియం ఒక్కొక్కటి రోజుకు నూరు మైక్రోగ్రాములకు మించి చేరరాదని కట్టడిచేశాయి. మైక్రోగ్రాము గ్రాములో పదిలక్షలవ వంతు. ఆ మేరకు లోహాన్ని వడగట్టి తొలగించడం శ్రమతోనూ ఖర్చుతోనూ కూడిన పని. హైదరాబాదు, విశాఖపట్టణం పరిసరాలలో విస్తరించిన ఔషధ పరిశ్రమలకు ఇది నిత్యం ఎదురయ్యే సమస్య. లోహంతో పనిలేని ఉత్ప్రేరకం దొరికితే ఈ చిక్కులు మూలంలోనే తీరుతాయి.

పసుపు పొడి చేసిన పని

ఈ అన్వేషణలో మొదట పేర్కొనదగినది కార్బన్ నైట్రైడ్. ఇది స్వచ్ఛమైన కర్బనం కాదు. కర్బన, నైట్రోజన్ పరమాణువులు వలయాలుగా అల్లుకొని, గ్రాఫైటువలె పొరలుపొరలుగా పేరుకొన్న పదార్థం. కర్బన కుటుంబానికి దీనిని దాయాదిగా భావించవచ్చు. యూరియా, మెలమైన్ వంటి చవకైన పదార్థాలను ఐదారు వందల సెల్సియస్ డిగ్రీల వద్ద వేడిచేస్తే ఈ పసుపు పొడి లభిస్తుంది. దీని పూర్వరూపాన్ని లీబిగ్ 1834లోనే వర్ణించాడు. కాని దాని అంతస్సారం తెలియడానికి నూటడెబ్బై ఏండ్లకు పైగా పట్టింది. జర్మనీలోని పోట్స్‌డామ్ నగరంలో మార్కుస్ అంటోనియెట్టి, షిన్‌చెన్ వాంగ్ ప్రభృతులు, జపాను శాస్త్రవేత్త కజునారి డొమెన్ బృందంతో కలిసి పరిశోధించి, ఈ పొడి దృశ్యకాంతిలో నీటి నుంచి హైడ్రోజన్‌ను విడుదల చేయగలదని 2009లో ప్రకటించారు. ఆ వేగాన్ని పెంచడానికి కొంత ప్లాటినం కలపవలసివచ్చిన సంగతిని కూడా వారు దాచలేదు.

ఈ పొడి ఎలా పనిచేస్తుందో గ్రహించడం కష్టం కాదు. అర్ధవాహకాలలో ఎలక్ట్రాన్లు సంయోజక పట్టీలో నిలిచి ఉంటాయి. దానికి పైన వాహక పట్టీ ఉంటుంది. రెండింటి నడుమ ఉన్న అంతరం కార్బన్ నైట్రైడులో సుమారు 2.7 ఎలక్ట్రాన్ ఓల్టులు. నీలికాంతి కిరణం తగిలినప్పుడు ఒక ఎలక్ట్రాన్ ఆ అంతరాన్ని దాటి పైపట్టీకి చేరుతుంది. అది విడిచిన చోట రంధ్రం ఏర్పడుతుంది. పైకెక్కిన ఎలక్ట్రాన్ సమీపంలోని అణువుకు చేరి దానిని క్షయకరణం చేస్తుంది. క్రింది రంధ్రం మరొక అణువు నుంచి ఎలక్ట్రాన్‌ను తీసుకొని దానిని ఆక్సీకరణం చేస్తుంది. ఇచ్చిపుచ్చుకోవడం పూర్తికాగానే పొడి యథాస్థితికి వస్తుంది. ఆ రెండూ ఏ అణువునూ చేరకముందే తిరిగి కలిసిపోతే గ్రహించిన వెలుగు వృథా అవుతుంది. కాబట్టి వాటిని కాసేపు విడిగా నిలిపి ఉంచడమే ఈ రంగంలో పరిశోధకుల ప్రధాన ప్రయత్నం.

బెంజైల్ ఆల్కహాలును బెంజాల్డిహైడుగా మార్చడం ఇందుకు చక్కని ఉదాహరణ. బాదం వాసనగల బెంజాల్డిహైడు సుగంధ ద్రవ్యాలకూ ఔషధాలకూ ముడిసరుకు. ఆల్కహాలు ఆక్సీకరణానికి ఆరు సంయోజకతగల క్రోమియం సమ్మేళనాలను వాడడం విద్యార్థులు తమ రసాయన శాస్త్రంలో చదివే ఉంటారు. ఆ క్రోమియం విషపూరితం, క్యాన్సరు కారకం. దాని వ్యర్థాన్ని నేలలోనో నీటిలోనో వదలడానికి వీలులేదు. 2010లో వాంగ్, అంటోనియెట్టి ప్రభృతులు క్రోమియం లేకుండా, సూక్ష్మరంధ్రాలు గల కార్బన్ నైట్రైడు, ఆక్సిజన్, దృశ్యకాంతి ఈ మూడింటితోనే ఆ మార్పును సాధించారు. టైటానియం డయాక్సైడులో పుట్టేంత తీవ్రమైన ఆక్సీకరణ శక్తి ఇందులో పుట్టదు. అందువల్ల చర్య బెంజాల్డిహైడు వద్దనే చాలావరకు ఆగుతుంది. ఆ మరుసటి ఏడు అమీనులను ఇమీనులుగా మార్చడంలోనూ ఈ పొడి అక్కరకు వచ్చింది. ఇది ద్రావణాలలో కరగదు కనుక చర్య ముగిసిన పిమ్మట వడగట్టి తిరిగి వాడుకోవచ్చు. ఆగవలసిన చోట ఆగడం, విడిపోవలసినప్పుడు విడిపోవడం మంచి ఉత్ప్రేరకానికి ఉండవలసిన లక్షణాలు.

ఫుల్లరీన్, కర్బన బిందువులు

ఫుల్లరీన్ పనితీరు మరొక విధమైనది. అది వెలుగును స్వీకరించి, ఎలక్ట్రాన్‌ను గాక శక్తిని ఆక్సిజన్‌కు అందిస్తుంది. అప్పుడు సాధారణ ఆక్సిజన్ అత్యంత చురుకైన సింగ్లెట్ ఆక్సిజన్‌గా మారుతుంది. 1991లో జరిగిన కొలతలలో, ఫుల్లరీన్ గ్రహించిన ప్రతి నూరు కాంతికణాలకు సుమారు తొంభై ఆరు సింగ్లెట్ ఆక్సిజన్ అణువులు ఏర్పడినట్లు తేలింది. వచ్చిన రాబడిలో ఇంత కొంచెం మాత్రమే వృథాచేసే సాధనం అరుదు.

సింగ్లెట్ ఆక్సిజన్ విలువ ఏమిటో మలేరియా మందు ఆర్టెమిసినిన్ చరిత్ర తెలుపుతుంది. ఈ మందును చైనాలో ఒక మొక్క నుంచి వేరుచేసిన పరిశోధనకు టూ యూయూ 2015లో నోబెల్ బహుమతి పొందింది. మొక్కల పంటపైనే ఆధారపడకుండా, దీనిని కాంతిరసాయన పద్ధతిలో భారీయెత్తున తయారుచేయడం 2013లో ఇటలీలోని ఒక కర్మాగారంలో ప్రారంభమైనది. అందులో కీలకమైన మెట్టు సింగ్లెట్ ఆక్సిజన్‌తో జరిపే చర్య. అక్కడ వెలుగును గ్రహించినది ఫుల్లరీన్ కాదు. లోహం లేని పోర్ఫిరిన్ అనే సేంద్రియ రంగుపదార్థం. అయినప్పటికీ లోహంతో నిమిత్తం లేకుండా, కాంతితో, లక్షలమందికి పనికివచ్చే మందును తయారుచేయవచ్చునని ఆ ఉదాహరణ నిరూపించింది.

ఇక కర్బన బిందువుల సంగతి. వీటి తయారీకి ఖరీదైన ముడిసరుకు అక్కరలేదు. సిట్రిక్ ఆమ్లం, చక్కెరలు, అమైనో ఆమ్లాలు వంటివాటిని తగినరీతిలో వేడిచేస్తే చాలు. మౌరిజియో ప్రాతో బృందం ఆర్జినిన్ అనే అమైనో ఆమ్లాన్ని ఎథిలీన్ డయమీన్‌తో కలిపి, మైక్రోవేవ్ తరంగాలతో వేడిచేసి, నైట్రోజన్ కలిగిన కర్బన బిందువులను 2016లో తయారుచేసింది. తరువాత ఆ బిందువులనే కాంతి ఉత్ప్రేరకాలుగా వాడి, కర్బన అణువులకు ఫ్లోరిన్‌తో కూడిన సమూహాలను చేర్చింది. ఎన్నో ఔషధాలలో ఫ్లోరిన్ ఒక ముఖ్య భాగం కాబట్టి ఈ ప్రయోగానికి ప్రాధాన్యమున్నది. ఈ పరిశోధనలకు కేంద్రమైన విశ్వవిద్యాలయం ట్రియెస్టెలోనిదే. పొగగొట్టాలు లేని కర్మాగారాలను కలగన్న చమిషన్ పుట్టిన ఊరిలోనే, ఒక శతాబ్ది గడచిన పిదప, ఆయన కలకు కావలసిన పనిముట్టు ఒకటి రూపుదిద్దుకొన్నది.

మసి పూసిన మారేడుకాయ

ఇంతవరకు చెప్పినదంతా ఈ పదార్థాల ఘనత. ఇప్పుడు వాటికి పెట్టవలసిన పరీక్షను గురించి చెప్పుకోవాలి. మసి పూసి మారేడుకాయ చేయడమని తెలుగులో ఒక జాతీయం ఉన్నది. ఒకదానిని మరొకదానిగా భ్రమింపజేయడమని దాని భావం. ‘లోహరహితం’ అన్న మాటకు గల ఆకర్షణ అధికం కావడంవల్ల, ఎవరి తలంపులోనూ మోసం లేకపోయినా ఈ రంగంలో అటువంటి భ్రమకు అవకాశమున్నది.

కర్బన నానోగొట్టాలను సాధారణంగా ఇనుము, కోబాల్టు, నికెల్ కణాల సాయంతో పెంచుతారు. గ్రాఫైటును గ్రాఫీన్ ఆక్సైడుగా మార్చడానికి 1958 నాటి హమ్మర్స్ పద్ధతిలో పొటాషియం పర్మాంగనేటును వాడతారు. ఎంత కడిగినా ఆ లోహాల జాడలు పదార్థంలో మిగిలిపోవచ్చు. అప్పుడు చర్యను నడిపినది కర్బనమా, దాని మాటున దాగిన లోహమా అన్న ప్రశ్న తలెత్తుతుంది. కర్బన బిందువుల విషయంలో మరొక సందేహమున్నది. సిట్రిక్ ఆమ్లాన్ని అమీనులతో వేడిచేసినప్పుడు బిందువులతోపాటు మెరిసే చిన్న అణువులు కూడా పుడతాయి. సన్నని పొరగుండా డయాలిసిస్ చేసి వాటిని తొలగించకపోతే, చిన్న అణువులు చేసిన పని బిందువుల ఖాతాలో జమపడుతుంది.

లేశమాత్రమైన లోహం ఎంతటి భ్రమ కలిగించగలదో తెలుసుకోవడానికి ఒక సంఘటన చాలు. రెండు కర్బన అణువులను జతపరిచే సుజుకి చర్యకు పల్లేడియం అవసరం. 2003లో నికొలస్ లెడ్‌బీటర్ తన సహచరితో కలిసి, పల్లేడియం చేర్చకుండానే ఆ చర్య నీటిలో జరిగినదని ప్రకటించాడు. రసాయన శాస్త్రవేత్తలు ఆశ్చర్యపోయారు. లెడ్‌బీటర్ అంతటితో తృప్తిపడలేదు. తాను వాడిన ప్రతి పదార్థాన్నీ మళ్ళీ పరీక్షించాడు. చర్యలో క్షారంగా వాడిన, అంగడిలో దొరికే సోడియం కార్బొనేటులో పల్లేడియం ఉన్నట్లు తేలింది. దాని పరిమాణం నూరుకోట్ల వంతులలో సుమారు యాభై వంతులు. ఆ కొద్దిపాటి లోహమే చర్యను నడిపి ఉండాలని 2005లో ఆయనే మరొక వ్యాసం ప్రకటించాడు. అది కాంతితో జరిగిన చర్య కాదు, అందులో కర్బన నానోపదార్థమూ లేదు. కానీ లోహరహితమన్న పేరు పెట్టదలచిన ప్రతివారికీ అది మరువరాని పాఠం. ఇతరులు వేలెత్తి చూపేవరకు ఆగక, తన నిర్ణయాన్ని తానే పునఃపరిశీలించి సరిదిద్దుకోవడం శాస్త్రవేత్తకు కీర్తికరమే గాని అపకీర్తి కాదు.

అందుచేత ఈ రంగంలో కొన్ని నియమాలను పాటించవలసి ఉన్నది. వెలుగు లేకుండా చర్యను జరిపి చూడాలి. ఉత్ప్రేరకం లేకుండా కూడా చూడాలి. ద్రవ్యరాశి వర్ణపటమాపకం వంటి సున్నితమైన పరికరాలతో లోహపు జాడలను కొలవాలి. కొలతలో ఏ లోహమైనా కనిపిస్తే, అంతే పరిమాణంలో ఆ లోహాన్ని విడిగా వేసి చర్య జరుగుతుందేమో పరీక్షించాలి. కర్బన పదార్థాన్ని ఆమ్లంతో కడిగి, దాని శక్తి తగ్గినదో నిలిచినదో గమనించాలి. ఈ పరీక్షలన్నింటికీ నిలిచినప్పుడే ‘లోహరహితం’ అన్న బిరుదు సార్థకమవుతుంది. కార్బన్ నైట్రైడుకు నికెల్‌ను తోడుచేసి కొత్త బంధాలను ఏర్పరచే మంచి పద్ధతులు కూడా వెలువడ్డాయి. అవి ఉపయుక్తమైనవే, కాని లోహరహితాలు కావు. నికెల్ వాడినట్లు చెప్పడంవల్ల ఆ పద్ధతుల గౌరవం తగ్గదు.

రేపటి వెలుగు

ఈ పదార్థాలు ప్రయోగశాల నుంచి కర్మాగారానికి చేరే దారిలో మరొక అవరోధమున్నది. ద్రావణంలో ప్రవేశించిన కాంతి పైపైని పొరలలోనే చాలావరకు గ్రహింపబడుతుంది. చిన్న సీసాలో చక్కగా సాగిన చర్య పెద్ద పాత్రలో మందగించడానికి అది ఒక ముఖ్య కారణం. ద్రావణాన్ని సన్నని పారదర్శక గొట్టాలలో నిరంతరంగా ప్రవహింపజేస్తూ, వాటిపై కాంతిని ప్రసరింపజేయడం దీనికి ఒక పరిష్కారం. చమిషన్ 1912లో ఊహించినవి కూడా గాజుగొట్టాలే కావడం గమనింపదగినది.

తాటాకుపై మసి ఎప్పుడూ తనకు తానుగా అక్షరం కాలేదు. గంటం గీచిన గీతలో నిలిచి, తుడుపుకు తట్టుకొన్న మసి మాత్రమే అక్షరమైనది. మిగిలినదంతా బట్టకు అంటుకొని పోయినది. కర్బన నానోపదార్థాల విషయమూ అంతే. కాంతి ఉత్ప్రేరణలో వాటికి గల శక్తిని ఎవరూ శంకించనక్కరలేదు. అయితే ఒక్కొక్క పదార్థం, ఒక్కొక్క చర్య పరీక్ష అనే తుడుపుకు నిలిచి తన యోగ్యతను నిరూపించుకోవాలి. అలా నిలిచినవే రేపటి ఔషధశాలలలో విలువైన లోహాల భారాన్ని తగ్గిస్తాయి. మసిలో మాణిక్యం ఉన్నమాట నిజమే. దానిని గుర్తించడానికి వెలుగుతోపాటు వివేకం కూడా కావాలి.

కఠిన పదాలు - అర్థాలు

ఆయువుపట్టు = జీవస్థానం
భాసించు = ప్రకాశించు
మేళవించి = కలిపి
విద్యుచ్ఛాపం = రెండు ధ్రువాల నడుమ విల్లువలె వెలిగే విద్యుత్తు
సంశ్లిష్ట = చిక్కగా కూడిన
ప్రభృతులు = మొదలైనవారు
అంతస్సారం = లోపలి సత్తువ
నిశ్శేషంగా = ఏమీ మిగలకుండా
దాయాది = జ్ఞాతి, ఒకే వంశంవాడు
అక్కరకు వచ్చు = అవసరానికి ఉపయోగపడు
లేశమాత్రం = మిక్కిలి కొంచెం
అవరోధం = అడ్డంకి

ప్రశ్నలు

అ. వ్యాసరూప సమాధాన ప్రశ్నలు

1. కాంతి ఉత్ప్రేరకాలుగా లోహాల ఉపయోగాన్ని, వాటివల్ల కలిగే చిక్కులను వివరించండి.
2. కార్బన్ నైట్రైడు పనిచేసే తీరును సోదాహరణంగా తెలపండి.
3. ‘లోహరహితం’ అన్న పేరు సార్థకం కావడానికి ఏయే పరీక్షలు అవసరమో పాఠం ఆధారంగా చర్చించండి.

ఆ. సంగ్రహ సమాధాన ప్రశ్నలు

1. చమిషన్ కన్న కల ఎట్టిది?
2. టైటానియం డయాక్సైడుకు గల పరిమితులేవి?
3. లెడ్‌బీటర్ తన నిర్ణయాన్ని ఎలా సరిదిద్దుకొన్నాడు?
4. కర్బన బిందువులను డయాలిసిస్ చేయవలసిన అవసరమేమి?

ఇ. ఏకవాక్య సమాధాన ప్రశ్నలు

1. వజ్రం కర్బనమేనని నిరూపించినవారెవరు?
2. ఫుల్లరీన్‌లో ఎన్ని షడ్భుజులున్నాయి?
3. గ్రాఫీన్‌ను మొదట ఏ నగరంలో వేరుచేశారు?
4. బెంజాల్డిహైడు వాసన ఎలాంటిది?

ఈ. సంధులు

పరమాణువు = పరమ + అణువు - సవర్ణదీర్ఘ సంధి
రూపాంతరం = రూప + అంతరం - సవర్ణదీర్ఘ సంధి
నిత్యోపయోగం = నిత్య + ఉపయోగం - గుణసంధి
అందుచేతనే = అందుచేతన్ + ఏ - విడదీసి సంధికార్యాన్ని పరిశీలించండి

ఉ. సమాసాలు

లోహరహితం - లోహంచేత రహితం - తృతీయా తత్పురుష సమాసం
సూర్యకాంతి - సూర్యుని కాంతి - షష్ఠీ తత్పురుష సమాసం
శక్తిసామర్థ్యాలు - శక్తియును, సామర్థ్యమును - ద్వంద్వ సమాసం
పూర్వగ్రంథాలు - పూర్వమైన గ్రంథాలు - విశేషణ పూర్వపద కర్మధారయ సమాసం

ఊ. భాషాభ్యాసం

‘మసి పూసి మారేడుకాయ చేయు’, ‘వేలెత్తి చూపు’, ‘అక్కరకు వచ్చు’ అనే పలుకుబడులను సొంతవాక్యాలలో ప్రయోగించండి.